ఎద వరిలో ఊద గడ్డి చారలుగా మిగిలింది, ఏ నాజిల్ కొనాలి?

ప్రశ్న: సార్, మాది నరసన్నపేట దగ్గర పల్లె. వంశధార ఎడమ కాలువ కింద రెండెకరాల వరి. ఈ ఏడు కూలీలు దొరక్క ఉభాలు (నాట్లు) మానేసి విత్తనాన్నే నేరుగా ఎద చల్లాం. విత్తనం కాస్త ఎక్కువే పడి, చేను ఒత్తుగా లేచింది. 24వ రోజున బిస్పైరిబాక్ సోడియం అనే కలుపుమందు ఎకరాకు 100 మి.లీ. చొప్పున, ఎకరాకు ఆరు ట్యాంకుల్లో కలిపి కొట్టాను. 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్, దానితో వచ్చిన ఇత్తడి నాజిలే. పది రోజులైంది. కొన్నిచోట్ల ఊద మాడిపోయింది, కొన్నిచోట్ల చారలు చారలుగా పచ్చగానే నిలబడింది. రెండు మూడు చోట్ల వరే పసుపెక్కింది. గట్టు మీద కంది ఆకు ముడుచుకుంది. మందు నకిలీదేమోనని షాపులో అడిగితే, 'చేను దట్టంగా ఉంది కదా, ప్రెషర్ పెంచి పొగలా సన్నగా కొడితే లోపలికి పోతుంది, ఇంకో దఫా కొట్టు' అన్నారు. కొట్టమంటారా? ఏ నాజిల్ కొనాలి?
ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ రెండో దఫా ఆలోచన మానుకోండి. కారణం చివర్లో చెబుతాను.

మీ మందు నకిలీదని నాకు అనిపించడం లేదు. నకిలీదైతే చేనంతా ఒకేలా ఉండేది, ఎక్కడా ఊద చచ్చేది కాదు. మీ చేలో చచ్చినచోట పూర్తిగా చచ్చింది, బతికినచోట పూర్తిగా బతికింది. అంటే పడినచోట మందు పనిచేసింది, అన్నిచోట్లా పడలేదు. పైగా వరి పసుపెక్కిన మచ్చలున్నాయంటున్నారు. అక్కడ రెండుసార్లు పడి ఉంటుంది. ఆరో ట్యాంకు చివర్లో కాస్త మిగిలితే పారబోయడం ఎందుకని గట్టు పక్కన ఇంకోసారి తిప్పారేమో గుర్తు చేసుకోండి. చాలామంది చేసే పనే అది. ఆ పసుపు గురించి టెన్షన్ పడకండి, ఈ మందుతో వచ్చే పసుపు తాత్కాలికమే, మామూలుగా వారం పది రోజుల్లో కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

ఇక చారల సంగతి. స్ప్రేయర్‌తో వచ్చే ఆ ఇత్తడి నాజిల్ తల తిప్పితే ఒకసారి ధారగా, ఒకసారి గొడుగులా పడుతుంది కదా. ఆ గొడుగును గచ్చు మీద కొట్టి చూస్తే గుండ్రటి గాజులా పడుతుంది, అంచు తడి, మధ్య పొడి. దాన్ని హాలో కోన్ అంటారు. పురుగుమందుకు అది బాగుంటుంది, సన్నటి తుంపర ఆకుల చుట్టూ తిరుగుతుంది. కలుపుమందుకు కావాల్సింది వేరు. నేల మీద చాప పరిచినట్టు ఒకే మందంతో పడాలి. దానికి తోడు మనం రాడ్డును చీపురు ఊపినట్టు అటూ ఇటూ ఊపుతూ నడుస్తాం. ఊపు తిరిగే రెండు కొసల్లో ఎక్కువ పడుతుంది, అడుగుకీ అడుగుకీ మధ్య ముక్కోణాల్లా ఖాళీలు మిగులుతాయి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. చాలా ఏళ్ల కిందట బొబ్బిలి వైపు మా మినుము చేలో క్విజలోఫాప్ అనే గడ్డి మందు ఇలాగే ఊపుతూ కొట్టాను. పన్నెండో రోజుకి గట్టు మీద నుంచి చూస్తే ఎండిన గడ్డి మధ్య ఒక పచ్చటి గీత, ఈ చివరి నుంచి ఆ చివరికి పాము పాకినట్టు వంకర్లు తిరిగి ఉంది. నేను నడిచిన దారే అది. ఊళ్లో వాళ్లు పండగ దాకా దాన్ని చూపించి నవ్వారు.

షాపులో చెప్పిన 'పొగలా సన్నగా' అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. వినడానికి సబబుగానే ఉంటుంది, చేను దట్టంగా ఉంటే సన్నటి తుంపర సందుల్లోంచి దూరిపోతుందని. నిజానికి జరిగేది తిరగబడి ఉంటుంది. 400 మైక్రాన్ల బొట్టు ఒకటి తీసుకోండి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాన్ని సగం సైజుకి, అంటే 200 మైక్రాన్లకి చితక్కొడితే ఎనిమిది బొట్లవుతాయి. ఇంకా సగానికి, 100 మైక్రాన్లకి తెస్తే అరవై నాలుగు. బొట్లు పెరిగాయి కదా అని సంతోషించేలోపు ఆ అరవై నాలుగిటికీ బరువు పోయింది. తలవెంట్రుక మందం ఉన్న బొట్టు తనంతట తాను కిందకి దిగలేదు, గాలి ఎటు తీసుకెళితే అటు పోతుంది. వరి ఆకుల పైవరసకి తగిలి అక్కడే ఆగిపోతుంది, లేకపోతే ఎండకి ఆవిరైపోతుంది, లేకపోతే గట్టు మీదకి ఎగిరిపోతుంది. మీ కంది ముడుచుకున్నది అలాగే. బిస్పైరిబాక్ వెడల్పాటి ఆకుల కలుపుని కూడా చంపే మందు, కందిని చూసి వదిలిపెట్టదు.

ప్రెషర్ పెంచితే మందు కూడా ఎక్కువ వస్తుందనే భ్రమ ఇంకొకటి. ఒక నాజిల్ నుంచి వచ్చే నీరు రెట్టింపు కావాలంటే ప్రెషర్ నాలుగు రెట్లు చేయాలి. మీ బ్యాటరీ మోటారుకి అంత ఓపిక లేదు. ఓపికున్నంత మేర పెంచితే పెరిగేది పొగే. నీరు ఎక్కువ కావాలంటే ప్రెషర్ జోలికి పోకుండా పెద్ద కన్నం ఉన్న నాజిల్ పెట్టుకోవాలి. కాబట్టి ఒత్తు చేలోకి మందు దిగాలంటే కావాల్సినవి ఇవి: మధ్యరకం బరువైన బొట్టు, ఎక్కువ నీరు, తక్కువ ఎత్తు, నెమ్మది నడక.

మీరు కొనాల్సింది ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్. విసనకర్రలా పలచగా, వెడల్పుగా పడుతుంది. మంచి నాజిళ్ల మీద 11003, 11004 లాంటి అంకెలు ముద్రించి ఉంటాయి. మొదటి 110 అనేది విసనకర్ర తెరుచుకునే కోణం. చివరి 03, 04 అనేవి కన్నం సైజు. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సైజుకో రంగు ఉంటుంది: 02 పసుపు, 03 నీలం, 04 ఎరుపు. మూడు బార్ల ప్రెషర్ దగ్గర నిమిషానికి పసుపు 0.8 లీటరు, నీలం 1.2, ఎరుపు 1.6 లీటర్లు వదులుతాయి. మన భుజం మీది స్ప్రేయర్లు సుమారు రెండు బార్ల దగ్గర నడుస్తాయనుకుంటే ఎరుపు నుంచి వచ్చేది నిమిషానికి 1.3 లీటర్లు. మీ చేనుకి నేను ఎరుపే తీసుకోమంటాను, అది దొరక్కపోతే నీలం. పసుపు ఒక్కటే పెడితే మీ బురదలో మీరు నడిచే వేగానికి నీరు చాలదు. అంకె లేకుండా రంగు మాత్రమే ఉన్న చవక ప్లాస్టిక్ నాజిల్ కొనకండి. దాని ఎరుపు ఎరుపు కాదు, ఉత్త అలంకారం.

ఇంకా మంచిది, అర మీటరు ఎడంతో రెండు నాజిళ్లున్న చిన్న అడ్డ రాడ్డు. రెండింటికీ పసుపు పెడితే కలిపి అదే 1.3 లీటర్లు వస్తుంది, ఒకదాని అంచు ఇంకొకదాని అంచు మీద పడుతుంది కాబట్టి పరుపు ఇంకా సమంగా ఉంటుంది. ఫ్లాట్ ఫ్యాన్ మధ్యలో నిండుగా, అంచుల్లో పలచగా పడుతుంది. అంచు మీద అంచు పడితేనే లెక్క సరిపోతుంది. ఒకే నాజిల్‌తో కొట్టేటప్పుడు కూడా ప్రతి వరసనీ ముందు వరస అంచు మీదకి మూడో వంతు దాకా ఎక్కించాలి.

ఫ్లడ్ జెట్ అనే ఇంకో రకం షాపులో చూపిస్తారు, కలుపుమందు నాజిల్ అంటే ఇదే అని. తప్పు కాదు. విత్తిన మూడు నాలుగు రోజుల్లో పెండిమిథాలిన్ లాంటిది నేల మీద కొట్టడానికి అది చక్కగా ఉంటుంది, లావు బొట్లు, తక్కువ ప్రెషర్, గాలికి చెదరదు. కానీ లేచిన ఊద మీద అంత లావు బొట్లు నిలబడవు. సన్నగా నిటారుగా ఉండే ఆకు మీంచి జారి బురదలో పడతాయి. గాలి పీల్చుకుని నురగ బొట్లు వేసే ఎయిర్ ఇండక్షన్ నాజిళ్లు ట్రాక్టర్ స్ప్రేయర్లకి, మన ప్రెషర్‌కి అవి సరిగా విచ్చుకోవు. గన్నుతో దూరం నుంచి చిమ్మే పవర్ స్ప్రేయర్‌ని కలుపుమందుకి అసలు తీయకండి, పక్కవాళ్ల పొలంతో తగువు తెచ్చిపెడుతుంది.

ఇప్పుడు లెక్క. దీన్ని సెంట్లలో చూస్తే చాలా తేలిక. ఎకరాకి 160 లీటర్లు పెట్టుకుందాం, అంటే పది ట్యాంకులు. ఎకరా వంద సెంట్లు. ఒక ట్యాంకు పది సెంట్లకి. మందు ఎకరాకి 100 మి.లీ. అయితే ట్యాంకుకి 10 మి.లీ. ట్యాంకు ఒకటి, సెంట్లు పది, మందు పది. మీ సీసా లేబుల్ మీద మోతాదు తక్కువ ఉంటే దాన్నే పదితో భాగించుకోండి. మీరు ఎకరాని ఆరు ట్యాంకుల్లో ముగించారు. అంటే ఒక్కో ట్యాంకు దాదాపు 17 సెంట్లకి సాగాలి. ఒత్తు చేలో, అదీ సన్న తుంపరతో, ఆ నీరు కింది ఊద దాకా ఎలా దిగుతుంది? కొందరు ఎకరాకి 200 లీటర్లు పోయమంటారు, ఓపికుంటే మంచిదే. పోసే నీటిని ప్రతిసారీ ఒకేలా పోయడం మాత్రం తప్పనిసరి.

పది సెంట్లు కొలిచి, నాలుగు మూలలా తాటాకు కట్టిన కర్రలు పాతండి. ట్యాంకు నిండా మంచినీళ్లు పోసుకుని, ఎరుపు నాజిల్‌తో, మీటరు వెడల్పు వరసగా, అదే బురదలో నడవండి. నిమిషానికి 33 మీటర్లు, అంటే సెకనుకి ఒక చిన్న అడుగు. పన్నెండు నిమిషాలకి కాస్త అటూ ఇటూగా ట్యాంకూ అయిపోవాలి, పది సెంట్లూ అయిపోవాలి. చేను ముందే అయిపోతే మీరు పరిగెత్తుతున్నారు, నీళ్లు ముందే అయిపోతే మరీ మెల్లగా ఉన్నారు. నడక మార్చుకోండి, ప్రెషర్‌ని కదపకండి. ఇంకో మాట, బ్యాటరీ ఛార్జింగ్ తగ్గేకొద్దీ ప్రెషర్ పడిపోతుంది. విసనకర్ర ముడుచుకుపోతున్నట్టు కనిపిస్తే ఆ రోజుకి ఆపేయాలి. మిగిలింది రేపు.

ఎత్తు సంగతి కూడా. 110 కోణం నాజిల్ పంట తల మీంచి రెండు జానలు, ఇంకాస్త పైన ఉండాలి, అంటే 45 నుంచి 50 సెంటీమీటర్లు. నేల మీంచి కాదు. రాడ్డును మోచెయ్యి నడుముకి ఆనించి పట్టుకుంటే కదలదు. ఊపడం బంద్.

కొత్త నాజిల్ తెచ్చాక మందు కలిపే ముందు రెండు పనులు చేసి చూడండి. మొదటిది కళ్లంలోనో ఇంటి ముందు సిమెంటు గచ్చు మీదో. ఎండలో బాగా వేడెక్కిన గచ్చు మీద మంచినీళ్లతో నడుస్తూ నాలుగు వరసలు కొట్టి, చివర నిలబడి అది ఎలా ఆరుతుందో చూడండి. మొత్తం ఒకేసారి తెల్లబడితే బాగుంది. వరసల మధ్య పట్టీలు ముందే తెల్లబడితే అంచు ఎక్కించడం చాలలేదు. ఒక పక్క మాత్రం తడి ఎంతకీ ఆరకపోతే నాజిల్ కన్నంలో నలుసు ఉంది. నలుసు పడితే పిన్నీసు, తీగ పెట్టి పొడవకండి, ఆ సన్నటి చీలిక ఒక్కసారి గీసుకుందంటే విసనకర్ర జన్మలో సరిగా పడదు. పాత టూత్ బ్రష్, నీళ్లు చాలు. నోటితో ఊదే అలవాటు మనందరికీ ఉంది, అది మాత్రం మానెయ్యండి. కాలువ నీళ్లు గుడ్డలో వడగట్టి పోస్తే సగం నలుసుల బాధ ఉండదు.

రెండోది మీ ఒత్తు చేలోనే. బట్టలకి పెట్టే నీలిమందు ట్యాంకులో కలపండి. నోటు పుస్తకంలోంచి తెల్ల కాగితాలు చింపి, అరచేతంత ముక్కలు నాలుగు వరి ఆకుల పైన గుచ్చండి, నాలుగు మొక్కల మొదట్లో ఊద ఉండే ఎత్తులో ఈనుపుల్లలకి గుచ్చి నిలబెట్టండి. మీ పాత ఇత్తడి నాజిల్‌తో ఒకసారి, కొత్త ఫ్లాట్ ఫ్యాన్‌తో కొత్త కాగితాల మీద ఇంకోసారి కొట్టి, ఎనిమిదీ ఎనిమిదీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. పాతదానితో పైకాగితం నీలంగా ముద్దైపోయి, కింది కాగితం మీద అక్కడక్కడ నాలుగు చుక్కలు ఉంటే ఇన్నాళ్లూ మీ మందు ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. కొత్తదానితో కూడా కింద చుక్కలు పడకపోతే, అర్థం ఒక్కటే. చేను మూసుకుపోయింది, ఇక ఏ నాజిలూ చేయగలిగింది లేదు.

ఆ మాటతో మీ అసలు ఇబ్బంది దగ్గరికి వస్తాం. 24 రోజులు ఈ మందుకి ఆలస్యం. ఊద రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు కొట్టాలి, ఎద వరిలో అది 15 నుంచి 20 రోజుల మధ్య వస్తుంది. అప్పటికి వరి ఆకులు ఇంకా కలుసుకోవు, నేల కనిపిస్తూ ఉంటుంది. ముందు రోజు నీరు తీసేసి ఊద మొక్క పూర్తిగా బయటపడేలా చేయాలి, నీట్లో మునిగిన ఆకు మీద మందు కొట్టి లాభం లేదు. కొట్టిన రెండు మూడు రోజులకి మళ్లీ నీరు పెట్టి, అంగుళం రెండంగుళాలు నిలబెట్టాలి. చాలామంది నాజిల్ గురించి అడుగుతారు, ఈ నీటి సంగతి అడగరు.

పొద్దున్న మంచు ఆరాక మొదలుపెట్టి పదింటిలోపు ముగించండి. మన తీరంలో ఎండెక్కేకొద్దీ సముద్రం గాలి లేస్తుంది, దాన్ని ఎదిరించే నాజిల్ లేదు. గాలి తక్కువగా ఉన్నా సరే, గాలి వెళ్లే వైపు గట్టు దగ్గర మొదలుపెట్టి ఎదురుగా జరుగుతూ రండి, తడిసిన చేలోంచి పొగ మీ ముఖాన పడదు. కొట్టాక ఆరు గంటలైనా వాన పడకూడదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని రేడియోలో వింటే ఆ రోజు వదిలేయండి.

ఇక మీరు అడిగిన రెండో దఫా. ఇప్పుడు చేను వయసు 34 రోజులు. మిగిలిన ఊద ఆరేడు ఆకులు దాటి పిలకలు కూడా వేసి ఉంటుంది. దాని మీద ఈ మందు కొడితే కాస్త ముడుచుకుని మళ్లీ లేస్తుంది. పసుపెక్కిన వరికి మాత్రం రెండో దెబ్బ తగులుతుంది. పైగా సగం మోతాదు తగిలి బతికిన ఊదనే విత్తనానికి వదిలితే, ఏళ్లు గడిచేకొద్దీ మందుకి లొంగని ఊద మీ మడిలో మీరే పెంచినట్టు అవుతుంది. చారల్లోనే ఉందంటున్నారు కాబట్టి పని అంత పెద్దది కాదు. ఇద్దరు ముగ్గురు మనుషుల్ని పెట్టి పీకించండి. నీరు నిలబెట్టిన మడిలో సులువుగా వస్తుంది, కంకి వేయకముందే అయిపోవాలి. పీకేటప్పుడు ఒకటి గమనించండి, మిగిలింది నిజంగా ఊదేనా అని. ఊద మొక్కకి ఆకూ, కాండాన్ని చుట్టుకునే దాని తొడుగూ కలిసేచోట నాలుక లాంటి పొర ఉండదు, వరికి ఉంటుంది. ఆ పొర ఉండి, పల్చటి ఆకులతో ఉండే గడ్డయితే లెప్టోక్లోవా జాతిది కావచ్చు. దాని మీద బిస్పైరిబాక్ ఎంత బాగా కొట్టినా పెద్దగా పనిచేయదు, వచ్చే ఏడు సైహలోఫాప్ లాంటి వేరే మందు కావాలి. ఒక మొక్క వేళ్లతో సహా పీకి రాగోలు పరిశోధన కేంద్రానికో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో, దగ్గరయితే నైర వ్యవసాయ కాలేజీకో పట్టుకెళ్లి చూపించండి. ఫోన్లో ఫోటో కంటే మొక్క మేలు.

ఎద చల్లేవాళ్లకి ఒక మాట. ఈ ఊద తగాదా అంతా ఒత్తు విత్తనంతో మొదలవుతుంది. కలుపుని వరే అణచేస్తుందని ఎక్కువ చల్లుతాం. ఊద ముందే లేచి ఉంటే మన ఒత్తే దానికి గొడుగు పడుతుంది. సమంగా చల్లి, మూడో రోజుకే నేల మీద మందు వేసి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పని మీకు ఉండేది కాదేమో.

మీ ఇత్తడి నాజిల్ పారేయకండి, దోమకీ పురుగుకీ అదే బాగుంటుంది. కొత్తది చిన్న డబ్బాలో వేసి 'కలుపు' అని రాసి పెట్టుకోండి. వరి కోసే ముందు మినుము చల్లుకుంటారు కదా, అందులో 20, 25 రోజులకి గడ్డి మందు కొట్టాల్సి వస్తే ఇదే నాజిల్, ఇదే పది సెంట్ల లెక్క. క్విజలోఫాప్ 5 శాతం మందు ఎకరాకి 400 మి.లీ. అయితే ట్యాంకుకి 40. ఏడాదికోసారి నాజిల్ వదిలే నీటిని నిమిషం పాటు చెంబులో పట్టి కొలవండి. కొత్తప్పటి కంటే పదో వంతు ఎక్కువ వస్తుంటే కన్నం అరిగిపోయిందన్నమాట, కొత్తది కొనాల్సిందే. మందు సీసా ధరతో చూస్తే అది పెద్ద ఖర్చేం కాదు.

గట్టు కంది విషయం. ఇప్పుడే పీకేయకండి. ముడుచుకున్న ఆకులు బాగుపడవు గానీ, పై మొవ్వు చావకపోతే పది పదిహేను రోజుల్లో కొత్త చిగురు మామూలుగా రావచ్చు. చిగురు కూడా ముడుచుకునే వస్తుంటే ఆ మొక్కల్ని తీసేసి, ఇంకా అదను ఉంటే అలసందలు పెట్టుకోండి. వచ్చే ఏడు గట్టు పక్క చివరి వరస కొట్టేటప్పుడు నాజిల్‌ని చేను లోపలి వైపుకి తిప్పి, ఇంకాస్త కిందకి దించి నడవండి.